జాతీయ వేదిక పెడుతున్నారా? లెటర్‌హెడ్ చివర్న కొట్టించండి

నెలకో ఫోనైనా వస్తుంది. "అన్నా, సుస్థిర అభివృద్ధి మీద ఆలిండియా నెట్‌వర్క్ ఒకటి పెడుతున్నాం. లోగో వాట్సాప్ చేశా, కాస్త చూసి చెప్పు." లోగోలో ఎప్పుడూ అవే: ఒక ఆకు, రెండు అరచేతులు, మధ్యలో భూగోళం. ఇంతకీ మీ నెట్‌వర్క్ ఎవర్ని ఏం అడుగుతుంది అంటే అవతల కాసేపు మాట ఉండదు. "అన్నీ అన్నా. నీళ్లు, అడవి, వ్యవసాయం, మహిళలు, యువత..."

వర్షాధార రైతుల సంఘాలతో పదిహేనేళ్లుగా తిరుగుతున్నాను. రెండు వేదికలు పుట్టినప్పుడు దగ్గరున్నాను, పనీ చేశాను. ఒకటి ఇంకా నడుస్తోంది. రెండోది ప్రారంభ సభ ఫొటోల దగ్గరే ఆగిపోయింది. దాని బ్యానర్ మా ఇంట్లో జొన్న బస్తాల మీద కప్పుకోవడానికి పనికొచ్చింది. ఆ రెండూ నేర్పిన వరస ఇక్కడ రాస్తున్నాను. చిరుధాన్యాల ఉదాహరణ పట్టుకుని చెప్తాను, నాకు బాగా తెలిసింది అదే గనక. మీది చెరువులైనా, చేనేతైనా, చెత్త ఏరుకునేవాళ్ల బతుకైనా వరసలో పెద్ద తేడా రాదు.

1. అడిగేది ఒక్క వాక్యంలో రాయండి

రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఈ తరం అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్య సమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది. 2015లో ఐక్యరాజ్య సమితి దాన్ని 17 లక్ష్యాలుగా, 169 టార్గెట్లుగా విడగొట్టింది. వీటికి ఎవరూ అడ్డు చెప్పరు. అసలు చిక్కంతా అక్కడే. ఎవరూ కాదనని మాట పట్టుకుని ఏ ఆఫీసుకు వెళ్లినా టీ ఇచ్చి పంపిస్తారు.

అందుకని 169లోంచి ఒక్క పోగు లాగండి. కేంద్రం ఏటా ఖరీఫ్‌కి ముందు ప్రకటించే మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉంటాయి. కొర్ర, సామ, అరిక, ఊద ఉండవు. "వీటికి కూడా మద్దతు ధర ప్రకటించాలి" అన్నది ఒక వాక్యం. రాసిన వాక్యం గట్టిదో కాదో తేల్చుకోవాలంటే ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది జరగాలంటే ఏ కాగితం మీద ఎవరి సంతకం పడాలి? ఇక్కడైతే జవాబు తెలుసు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సిఫారసు చేయాలి, కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ ఒప్పుకోవాలి. మీ వాక్యానికి ఇలాంటి జవాబు దొరక్కపోతే అది ఇంకా కోరిక కాలేదు, ఉపన్యాసంగానే ఉంది. కొట్టేసి మళ్లీ రాయండి.

మరి మిగతావన్నీ వదిలేయాలా అని మావాళ్లే దెబ్బలాడారు. వదలక్కర్లేదు. సామలకు ధర వస్తే మెట్ట చేను బీడు పడదు, బోరు వేయాల్సిన పని తగ్గుతుంది, ఇంట్లో పిల్లలు ఆ తిండి తింటారు. నాలుగు లక్ష్యాలు ఆ ఒక్క పోగు వెంటే వస్తాయి.

2. చూపించడానికి ఒక ఊరు ఉండాలి

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లలో సంఘాలు కట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది దళిత మహిళా రైతులు. బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్ని ఊళ్లోనే నిల్వ చేసి, పేదింటికి తక్కువ ధరకు ఇచ్చే సొంత రేషన్ పద్ధతి ఒకటి 1990లలోనే నడిపారు. సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా అనే దేశవ్యాప్త వేదిక పుట్టింది అక్కడి నుంచి, అదంతా జరిగిన తర్వాత. చిరుధాన్యాలను రేషన్‌లో పెట్టాలని వాళ్లు ఢిల్లీలో అడుగుతుంటే, కుదరదన్నవాళ్లను బండెక్కించి తీసుకెళ్లి చూపించడానికి ఊళ్లున్నాయి.

పురుగుమందులు లేని సాగు సంగతీ అంతే. పాత ఖమ్మం జిల్లా పునుకులలో రైతులు మందులు మానేసి పత్తి పండించి చూపించాకే ఆ పద్ధతి మహిళా సంఘాల ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది.

మీ దగ్గర అలాంటి ఊరు లేకపోతే జాతీయ వేదిక సంగతి రెండేళ్లు పక్కన పెట్టండి. ఇది వినడానికి కష్టంగానే ఉంటుంది. ఊరు మీదే కానక్కర్లేదనుకోండి, కలవబోయే పదిమందిలో ఒకరిదైనా చాలు. కానీ ఉండాలి.

3. గడప తొక్కి పిలవండి

ఈ-మెయిల్‌తో వచ్చిన సభ్యుడు ఈ-మెయిల్‌తోనే పోతాడు. ముందు పటం ముందేసుకుని, మీ వాక్యం ఎక్కడెక్కడ వర్తిస్తుందో గుర్తు పెట్టండి. చిరుధాన్యాలకైతే ఒడిశాలో కోరాపుట్, మధ్యప్రదేశ్‌లో దిండోరి, ఉత్తరాఖండ్ కొండ జిల్లాలు, కర్ణాటక మెట్ట, తమిళనాడులో జవ్వాది, కొల్లి కొండలు, మన దగ్గర అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతపురం, జహీరాబాద్. ఒక్కో చోట ఇద్దరు ముగ్గురు ఇప్పటికే పని చేస్తుంటారు. పది పన్నెండు మంది పేర్లు తేలాయంటే చాలు. వందమందిని కూడగట్టకండి.

తర్వాత వెళ్లి కలవండి. ఒక రాత్రి అక్కడే పడుకోండి. ఆఫీసులో చూపించే ఫొటోలు పగటివి, అసలు మాటలు రాత్రి అన్నాల దగ్గర వస్తాయి. మూడు విషయాలు కనుక్కోండి. ఈ పని మీద ఇప్పటిదాకా ఎవరి దగ్గరికి వెళ్లారు, ఏం జవాబు వచ్చింది? వేదిక ఉంటే మీకేం ఒరుగుతుంది? ఎవరితో కలిసి కూర్చోలేరు? మూడోది మొహమాటపడకుండా అడగండి. ఒకే రాష్ట్రంలో రెండు సంస్థలకు పాత పంచాయితీ ఉందని మాకు సభ రోజు ఉదయం తెలిసింది. ఆ రోజంతా నేను చేసింది ఇద్దర్నీ వేర్వేరు వరసల్లో కూర్చోబెట్టడమే.

ఇంకోటి, ఇప్పటికే ఉన్న వేదికలేంటో చూసుకోండి. 2010లో గాంధీ జయంతి రోజున సబర్మతి నుంచి బయల్దేరి రాష్ట్రాలు చుట్టి ఢిల్లీ రాజ్‌ఘాట్ చేరిన కిసాన్ స్వరాజ్ యాత్రతో ఆషా అనే కూటమి నిలబడింది. సుస్థిర వ్యవసాయం మీద దేశమంతా పని చేసేవాళ్లు అందులో చాలామంది ఉన్నారు. మీ వాక్యం అలాంటి చోట ఇమిడిపోతే అక్కడే ఒక ఉపసంఘంగా చేరండి. కొత్త బోర్డు పెట్టడం కన్నా అందులో ఖర్చూ తక్కువ, గొడవా తక్కువ.

4. తొలి కూడిక: భాష, తేదీ, అన్నం

అన్ని అడుగుల్లోనూ ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నావైతే ఇక్కడే జరిగాయి.

ఢిల్లీలో ఒక సమావేశానికి మా వైపు నుంచి ఇద్దరు రైతక్కలను తీసుకెళ్లాను. రెండు రోజులూ ఇంగ్లిషు, మధ్యమధ్య హిందీ. పక్కన కూర్చుని నేను చెవిలో చెప్తానన్నాను, నిజమే, కానీ నన్నే వేదిక మీదకు మూడుసార్లు పిలిచారు. రెండో రోజు మధ్యాహ్నం చూస్తే చిన్నక్క కుర్చీలో లేదు. బయట మెట్ల మీద ఒడిశా నుంచి వచ్చిన ఒకామెతో కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా పరిచిన న్యూస్‌పేపర్ మీద రెండు చిన్న కుప్పలు. మా అక్క కొంగున కట్టుకొచ్చిన సామలు ఒకటి, ఆమె సంచిలోంచి తీసినవి ఇంకొకటి. గింజ గోటి మీద పెట్టుకుని పొట్టు గీరి చూపిస్తూ వాదించుకుంటున్నారు. దంచితే ఎంత నూక పోతుందన్నది వాదన. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. లోపల రెండు రోజుల్లో తేలని విషయం, అంటే పొట్టు తీసే మరలు లేకపోతే ధర వచ్చినా లాభం లేదన్నది, ఆ మెట్ల మీద తేలిపోయింది.

అప్పట్నుంచి మేం పాటించేవి ఇవి. ఉదయం మొదటి గంటన్నర ఉపన్యాసాలుండవు, తెచ్చుకున్న వస్తువులు నేల మీద పరుస్తారు. స్టేజీ ఉండదు. భాషల వారీగా గుండ్రంగా కూర్చుంటారు, గుంపుకో అనువాదకుడు. వాళ్లకు ఇంకే పనీ చెప్పరు. ఎవరు మాట్లాడినా రెండు మూడు వాక్యాలకోసారి ఆగాలి. ఆగనివాళ్లకు గంట కొడతాం. ఒక ప్రొఫెసర్ గారికి ఆరుసార్లు కొట్టాం, నవ్వుతూనే పట్టించుకున్నారు.

మొదటి రోజే పేర్ల పట్టిక ఒకటి గోడకు అంటించండి. మన కొర్ర హిందీలో కంగ్నీ, తమిళంలో తినై, కన్నడంలో నవణె. సామ అంటే కుట్కీ. రాగి ఉత్తరాఖండ్‌లో మండువా, ఒడిశాలో మండియా, మహారాష్ట్రలో నాచణి. ఊదలు కొండల్లో ఝంగోరా. మమ్మల్ని ముంచింది వరిగ. తమిళులు వరగు అన్నప్పుడల్లా మేం మన వరిగలనుకుని తలూపాం. వాళ్ల వరగు మన అరిక. తీర్మానంలో ఒక పంట రెండుసార్లు పడింది, ఇంకోటి అసలే పడలేదు. మీ రంగంలో కూడా ఇలాంటి వరగు ఒకటి తప్పకుండా ఉంటుంది. చెరువు, కుంట, తాలాబ్, ఏరి అన్నప్పుడు అందరి కళ్ల ముందూ ఒకే బొమ్మ ఉండదు.

తేదీ సంగతికొస్తే జూన్, జులై వద్దు, విత్తనం పడే రోజులు. అక్టోబరు, నవంబరు కోతలు. ఫిబ్రవరి చాలామందికి కుదురుతుంది, మార్చి వచ్చిందంటే పిల్లల పరీక్షలు, ఆఫీసుల్లో బడ్జెట్ హడావిడి. రెండు రాత్రులకు మించి పెట్టకండి, ఇంటి దగ్గర పాడి ఉన్న ఆడవాళ్లు రాలేరు.

టికెట్ డబ్బులు వెళ్లేలోపే చేతికివ్వండి. "బిల్లులు పంపండి, నెలలో అకౌంట్లో వేస్తాం" అన్న మాటతో కూలి మానుకుని వచ్చిన మనిషిని రెండోసారి రప్పించలేరు. అందరికీ స్లీపరే, మీకూ స్లీపరే. పసిపిల్లల తల్లి వస్తే తోడు వచ్చే మనిషి టికెట్ కూడా మీదే. ఇక అన్నం: చిరుధాన్యాల సభలో తెల్ల బియ్యం వడ్డించి మాట పడ్డవాళ్లను నేను చూశాను. మీరు దేని గురించి మాట్లాడుతున్నారో అది విస్తట్లో కనిపించాలి. ప్లాస్టిక్ సీసాలు బదులు కుండలు, స్టీలు గ్లాసులు పెట్టండి. కడిగే మనిషికి విడిగా కూలి ఇవ్వడం మరిచిపోకండి.

5. ఒక పేజీ ఒప్పందం

బైలాస్, అంటే సంస్థ నియమావళి, తర్వాత రాసుకోవచ్చు. ముందు ఒక్క పేజీ, అన్ని భాషల్లో. అందులో ఇవి తేలితే చాలు: వేదిక ఒక్క వాక్యం కోరిక, పత్రికల వాళ్లతో ఎవరు మాట్లాడతారు, ప్రకటన విడుదలయ్యే ముందు సభ్యులకు ఎన్ని గంటల గడువు, ఒప్పుకోనివాళ్లు పేరు తీయించుకునే హక్కు, కోఆర్డినేటర్ పదవీకాలం, కార్యాలయం ఏ సంస్థలో ఉంటుంది, ఎప్పుడు మారుతుంది.

గడువు మాకు 48 గంటలు. జవాబు రాకపోతే సమ్మతి అనుకోవాలని మొదట్లో రాసుకున్నాం. సిగ్నల్ లేని కొండ ఊళ్ల వాళ్ల పేర్లు వాళ్లకు తెలియకుండా ప్రకటనల కింద పడటం మొదలైంది. ఇప్పుడు జవాబు రాకపోతే పేరు పడదు. సంతకాల జాబితా చిన్నదవుతుంది, పరవాలేదు.

కోఆర్డినేటర్‌కి రెండేళ్లు, మహా అయితే ఇంకో రెండేళ్లు. ఈ నిబంధన లేని వేదికలు మెల్లగా ఒక మనిషి ఇంటిపేరుగా మారిపోతాయి. ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే.

6. డబ్బు, రిజిస్ట్రేషన్

తొలి ఏడాది, వీలైతే రెండేళ్లు, రిజిస్టర్ చేయకండి. సభ్యుల్లో లెక్కలు శుభ్రంగా ఉన్న ఒక సంస్థ ఆతిథ్యం ఇస్తే దాని ఖాతాలోనే వేదిక డబ్బును విడి పద్దుగా నడపండి. మూడు నెలలకోసారి ఆ పద్దు అందరికీ పంపాలి, టీ ఖర్చుతో సహా. మా రెండో వేదిక చచ్చిపోయింది ఈ పద్దు పంపకే. డబ్బు ఎవరూ తినలేదు. కానీ పంపకపోతే తిన్నట్టే లెక్క.

రిజిస్టర్ చేయాల్సి వస్తే దారులు మూడు. ట్రస్టు తేలిక, కానీ ట్రస్టీల చేతిలో ఉండిపోతుంది, వేదిక స్వభావానికి నప్పదు. సొసైటీ అయితే సభ్యులు, ఎన్నికలు ఉంటాయి. మన తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కావాలి. అఖిల భారత స్థాయి అని చెప్పుకోవాలంటే 1860 చట్టం కింద ఎనిమిది వేర్వేరు రాష్ట్రాల నుంచి ఎనిమిది మందిని చూపించమంటారు. మూడోది 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కంపెనీ. దాతలకు నచ్చుతుంది, ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలకు మాత్రం ఒక మనిషి కావాలి. అందరూ 12ఎ, 80జి అని పిలిచే పన్ను మినహాయింపు నమోదులు, స్వచ్ఛంద సంస్థలకు నీతి ఆయోగ్ ఇచ్చే దర్పణ్ నంబరు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు కోసం సీఎస్‌ఆర్-1 ఫారం ఆ తర్వాత వస్తాయి. ఒక మంచి ఆడిటర్‌ని పట్టుకోండి, ఇవి తానే చేసుకుపోతాడు.

విదేశీ నిధుల విషయంలో మాత్రం కళ్లు తెరిచి ఉండాలి. 2020లో విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని సవరించాక, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, ఆ రెండో సంస్థకు కూడా అదే నమోదు ఉన్నా సరే. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. ఒక పెద్ద సంస్థ డబ్బు తెచ్చి పదిమందికి పంచే పాత పద్ధతి వేదికలన్నీ దీంతో కుదేలయ్యాయి. కాబట్టి డబ్బు పంచడం మీద వేదిక కట్టకండి. ఎవరి పనికి వాళ్లే నిధులు తెచ్చుకోవాలి. వేదికకు కావల్సింది ఒక కోఆర్డినేటర్ జీతం, ప్రయాణాలు, అనువాదం. ఏటా సంస్థకు ఇంత అని చందా పెట్టండి, చిన్న సంఘాలకు తక్కువ. చందా కట్టిన మనిషి లెక్క అడుగుతాడు, అది వేదికకు ఆరోగ్యం.

7. ప్రారంభం రోజు

ఇది చిన్న అడుగు. మంత్రిగారి డేటు కోసం ఆగకండి, ఆయన చివరి నిమిషంలో రాకపోతే సభ అక్కడికక్కడే చప్పబడిపోతుంది. వస్తే సంతోషం, ఐదు నిమిషాలు. మీరు చూపించాలనుకున్న ఊళ్లోనో, దానికి దగ్గర పట్నంలోనో పెట్టండి. ప్రెస్‌నోట్ ఒక్క పేజీ, ఏ రాష్ట్రం వాళ్లకు ఆ భాషలో, అందులో ఆ రాష్ట్రపు రైతు మాట ఒకటి. కోరిక మొదటి పేరాలోనే. సభలో అందరూ కలిసి సంతకం చేసిన ఉత్తరం ఆ సాయంత్రమే స్పీడ్ పోస్టులో పడాలి. రసీదు ఫొటో తీసి అందరికీ పంపండి.

8. మొదటి ఏడాది

ప్రారంభ సభ తర్వాత నెల రోజుల్లో అందరూ కలిసి చేసే పని ఒకటి జరగకపోతే వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలు మొదలవుతాయి. అది మొదటి హెచ్చరిక. పని చిన్నదే కావచ్చు. ఒకే రోజు పన్నెండు జిల్లాల్లో ఒకే ప్రశ్నతో సమాచార హక్కు దరఖాస్తులు వేయండి, ఒక్కోదానికి 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. "మీ జిల్లాలో గత మూడేళ్లలో అంగన్‌వాడీలకు ఏ చిరుధాన్యాలు ఎంత కొన్నారు?" పన్నెండు జవాబులు పక్కపక్కన పెడితే మీ దగ్గర తప్ప ఎక్కడా లేని పట్టిక తయారవుతుంది. దాన్ని మీ ఎంపీలకు ఇవ్వండి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి గనక సమావేశాల తేదీలు ప్రకటించిన రోజే వెళ్లండి.

కింది నుంచీ కదపండి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను పంచాయతీరాజ్ శాఖ గ్రామ స్థాయికి 9 అంశాలుగా కుదించింది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలు వాటి ప్రకారం రాయాలి, అక్టోబరు 2 నుంచి ఆ హడావిడి మొదలవుతుంది. సభ్యులున్న ప్రతి ఊళ్లో గ్రామసభ తీర్మానం పుస్తకంలో మీ వాక్యం ఎక్కించండి. ఢిల్లీలో అడిగేటప్పుడు ఆ పేజీల జిరాక్సులు పనికొస్తాయి.

రాష్ట్రం ఒకటి ముందుకొస్తే కేంద్రాన్ని అడగడం తేలికవుతుంది. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి రాగులు మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ కోదో (మన అరిక), కుట్కీలకు సొంతంగా ధర ప్రకటించి కొన్నది. కాబట్టి వేదికలో ప్రతి రాష్ట్రం వాళ్లూ తమ రాజధానిలో తలుపు తట్టే పని విడిగా పెట్టుకోవాలి.

ఓపిక కూడా కావాలి. 2013 ఆహార భద్రత చట్టంలో కిలో రూపాయికి ఇవ్వొచ్చని రాసినప్పుడు ఈ గింజల్ని "ముతక ధాన్యాలు" అన్నారు. కేంద్రం వాటిని "పోషక ధాన్యాలు"గా నోటిఫై చేసింది 2018లో. ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల ఏడాది జరిపింది 2023లో. పేరు మారడానికే ఐదేళ్లు. కొర్ర రైతు ఆ ధర కోసం ఇంకా చూస్తూనే ఉన్నాడు.

నెలవారీ ఫోన్ మీటింగు రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పెట్టండి, అక్కలు వంటలు ముగించుకుని కూర్చుంటారు. నలభై నిమిషాలు దాటనివ్వకండి. రెండో వార్షిక సభ వేరే రాష్ట్రంలో జరగాలి, ఈసారి అనువాదకుడు అవసరమయ్యే పక్షం మీరే అవుతారు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ ఉదయం ఎనిమిదింటికల్లా ముప్పైమంది పేర్లు, వయసులు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో సహా రాసుకుని కూర్చోండి. లోగో ఎవరైనా అడిగితే అప్పుడు చేయించొచ్చు.